ఏడు భుజాల దూరం

మొన్న ఒక పెళ్ళికని మా చెల్లెలి కొడుకు కారులో అశ్వారావుపేట వైపు వెళ్తున్నాం. పెళ్ళివారి ఊరు ఎక్కడుందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. బండి పక్కకు ఆపి, ఫోనులో పటం తెరిచి, రెండు వేళ్ళతో దాన్ని సాగదీశాడు. ఊళ్ళు పెద్దవై అంచులు దాటిపోయాయి. మళ్ళీ వేళ్ళు దగ్గరకు చేశాడు. ఊళ్ళన్నీ చుక్కలైపోయాయి. నేను ఊళ్ళను చూడటం లేదు. ఫోను అద్దం కింది మూలన సన్నని గీత ఒకటి వచ్చింది, దాని పక్కన ఒక అంకె. వాడు పటాన్ని సాగదీసినప్పుడల్లా ఆ అంకె మారుతోంది. కిలోమీటరు అన్నది ఐదువందల మీటర్లయింది, ఐదువందలు అన్నది రెండువందలయింది.

"ఏంది పెద్దమ్మా, గంత పట్టిపట్టి చూస్తున్నవ్?"

"ఆ గీత."

"ఏ గీత?"

ఆ ఫోను వాడి చేతిలో ఉండబట్టి ఏళ్ళయింది. అయినా ఆ గీత ఉన్నట్టే వాడికి తెలియదు. నవ్వబోయి ఆగిపోయాను. ఒకప్పుడు నేనూ దాన్ని చూడలేదు. కళ్ళ ముందు, కాగితం అడుగున, నల్లగా అచ్చయి ఉన్నా చూడలేదు.

వాడు దారి కనుక్కుని బండి కదిలించాడు. రోడ్డుకు రెండు పక్కలా పామాయిలు తోటలు, వరసలు వరసలుగా. ఒకప్పుడు ఇలాంటి చోట ఫాల్గుణం చివర్లో ఇప్పపూలు రాలేవి. తెల్లవారకముందే గాలి నిండా తియ్యగా, కొంచెం పులిసినట్టు ఒక వాసన. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, సద్ది తినకుండానే బయటికి ఉరికేవాళ్ళం.

మా ఊరు అడవి అంచున ఉండేది. ఊరు దాటితే చేలు, చేలు దాటితే వాగు, వాగు దాటి అడవిలో కొంత పైకెక్కితే గూడెం. గూడెంలో పాతిక గడప ఉండేదేమో. మాకు బడి ఉంది, వాళ్ళకు లేదు. వాళ్ళ పిల్లల్లో మా బడికి వచ్చేది ఒక్కతే, నా ఈడుది. దాని పేరు ఇక్కడ రాయను. వాగు ఎండినప్పుడు వచ్చేది, వాగు నిండినప్పుడు మానేసేది. అందుకే నేను ఆరో తరగతికి వచ్చినా అది మూడో తరగతి దగ్గరే ఉండిపోయింది. మాస్టారు ప్రతి ఏడూ దాన్ని కొత్త పిల్లలతో కూర్చోబెట్టేవారు. అదేమీ నొచ్చుకునేది కాదు. "ఈ పుస్తకం నాకు నోటికొచ్చు, ఇగ ఇది నాదే" అని నవ్వేది. వచ్చేటప్పుడు ఎండిన ఇప్పపూలూ నువ్వులూ కలిపి దంచిన ముద్ద ఆకులో చుట్టుకొచ్చేది. దానికి బదులు నేను మా అమ్మ చేసిన మామిడికాయ తొక్కు ఇచ్చేదాన్ని.

మా నాన్న దర్జీ. వారానికోసారి పక్క ఊరి సంతలో తాటిపత్రి పందిరి కింద మిషను పెట్టుకుని చిరుగులు కుట్టేవాడు. బడి లేని రోజు కాబట్టి నేనూ వెంట వెళ్ళేదాన్ని. సంత పక్కనే పెంకుటింట్లో గ్రంథాలయం ఉండేది. రెండు గదులు. లోపల అడుగుపెడితే పాత కాగితాల వాసన, దాని మీద లైబ్రరీ సారు ముక్కుపొడి వాసన. ఆయన నా పేరు ఎప్పుడూ పిలవలేదు. "సంతపిల్ల వచ్చింది, ఇగ మన అలమరకు పురుగు పట్టినట్టే" అనేవాడు. పిల్లల కథలన్నీ అయిపోయాక పెద్ద తరగతుల పుస్తకాల మీద పడ్డాను. పదో తరగతితో బడి మానిన దాన్ని నేను. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ రెండు గదుల్లో దొరికినవే. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. ఆ గర్వం ఏం చేసిందో కూడా చెప్పాలి కనుకనే ఇదంతా రాస్తున్నాను.

అట్ట ఊడిపోయిన ఒక భూగోళం పుస్తకం అక్కడ నా చేతికొచ్చింది. అందులో పటం చదవడం ఎలాగో ఒక పాఠం. పైకి ఉత్తరం, ఊరికి ఈ గుర్తు, వాగుకు ఆ గుర్తు. ఆ తర్వాత స్కేలు. పటం మీద ఒక అంగుళం నేల మీద ఒక మైలు అని రాసి ఉంటే, ఏ రెండు ఊళ్ళ మధ్య దూరమైనా కూర్చున్నచోటి నుంచి చెప్పెయ్యవచ్చు. దర్జీ కూతుర్ని, అంగుళాలు నాకు కొత్త కాదు. కొత్తదల్లా ఆ ఊహ. నడవకుండా దూరం తెలుసుకోవచ్చా! ఆ మధ్యాహ్నం ఒంట్లో జ్వరం వచ్చినట్టయింది. నాన్న డబ్బాలోని దారం తెచ్చి వంకర రోడ్ల మీద పరిచి, ఆ దారాన్ని టేపు మీద పెట్టి, ఖమ్మం నుంచి భద్రాచలం ఎంతో, బోనకల్ నుంచి కల్లూరు ఎంతో లెక్కలు కట్టాను.

"ఏంది బిడ్డా, కాజాలు కుట్టే దారమంతా నీ రోడ్లకే సరిపాయె" అన్నాడు నాన్న, కోపంగా కాదు.

పాఠంలో ఇంకా రెండు పేజీలు మిగిలే ఉన్నాయి. పొద్దు వాలింది, నాన్న మిషను సర్దుకుంటూ కేకేశాడు. పుస్తకం మూసి లేచాను. మరుసటి వారం దాన్ని మళ్ళీ తియ్యలేదు. స్కేలు నాకు వచ్చేసిందనుకున్నాను. సముద్రాల గురించి ఇంకో పుస్తకం కనబడితే దాని మీద పడ్డాను.

నా స్నేహితురాలి తాత కావడి మోసేవాడు. కావడి బద్దకు రెండు వైపులా ఇప్పపూల బుట్టలు కానీ చింతపండు బుట్టలు కానీ కట్టుకుని గూడెం నుంచి మా ఊరిదాకా దిగి, అక్కడ బస్సెక్కి సంతకు వచ్చేవాడు. బక్క మనిషి. రెండు భుజాల మీదా మెడ దగ్గర కాయ కట్టిన చర్మం నల్లగా మెరిసేది. ఒకసారి సెలవు రోజున గూడెం వెళ్ళి, దిగేటప్పుడు వాళ్ళ వెంట నడిచాను. ముందు తాత, వెనక అది, దాని వెనక నేను. ఆయన కావడిని ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చినప్పుడల్లా అది వేలు మడుస్తోంది.

"ఏం లెక్కపెడుతున్నవే?"

"భుజాలు. తాత భుజం మార్సితే ఒకటి."

"తాతా, మీ గూడెం మా బడికి ఎంత దూరం?"

"ఏడు భుజాలు" అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే.

"అంటే ఎన్ని అడుగులు?"

"అడుగులు ఎవలు లెక్కపెడతరు బిడ్డా? అడుగుకు నొప్పి లేదు. నొప్పి భుజానికి."

నేను ఊరుకుంటానా? అడుగులు లెక్కపెట్టాను. మట్టసంగా ఉన్నచోట ఒక భుజానికి మూడువందల అడుగులు పడ్డాయి. రాళ్ళ దిగుడు దగ్గర రెండువందలు కూడా పడలేదు. నాకు నవ్వాగలేదు. "నీ కొలత రబ్బరుది తాతా. ఒకతాన సాగుతది, ఒకతాన ముడుసుకపోతది" అన్నాను.

దానికి కోపం వచ్చింది. "నువ్వు మొయ్యి. అప్పుడు తెలుస్తది."

తాత నవ్వుతూ కావడి దించాడు. నేను బద్ద కింద భుజం పెట్టి లేచాను. పది అడుగులు వేశానో లేదో ముందు బుట్ట నేలకు కొట్టుకుని పూలన్నీ ఇసకలో చెదిరాయి. ముగ్గురం కూర్చుని ఏరాం. "పావు భుజం కూడా కాలే! పటాలు సదివే పెద్దమనిషి పావు భుజం!" అని అది దారి పొడుగునా ఏడిపించింది. తాత మాత్రం పూలలో ఇసక ఊదుకుంటూ, "పిల్లదానికి అలవాటు లేదు, ఏమనకే" అన్నాడు. ఆయన ఎవరినీ ఏమీ అనేవాడు కాదు.

ఆ ఏడే గూడెం వాళ్ళు బడి కోసం అర్జీ పెట్టుకున్నారు. ఒక పంతులు, ఒక గది చాలు, గది మేమే కట్టుకుంటాం అని రాయించారు. బడికి వచ్చే వయసు పిల్లలు పదకొండు మంది ఉన్నారు. చిన్నపిల్లల్ని వాగు దాటించడానికి ఎవరికీ ధైర్యం లేదు. అంతకు ముందు వానాకాలం ఒకడు కొట్టుకుపోబోయి చెట్టు వేరు దొరికి బతికాడు.

అప్పటికి నేను నా స్నేహితురాలికి వాగు పక్క బండ మీద బొగ్గుతో అక్షరాలు దిద్దిస్తున్నాను. దాని పేరూ, వాళ్ళ తాత పేరూ రాసేది. సబ్బు కాగితాల మీది పేర్లు కూడబలుక్కుని చదివేది. "బడి పడనియ్యి. ముందల పీట నాదే. చిన్నోళ్ళందర్నీ నేనే కూసోబెడత. పంతులు రాని రోజు నేనే పంతులమ్మను" అనేది. అనేటప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని మా మాస్టారిలా నిలబడేది.

ఎండలు ముదిరాక విచారణకు ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. మా బడి వరండాలో బల్ల వేశారు. మాస్టారు ముందురోజే ముగ్గుపిండితో రాళ్ళకు గీతలు పెట్టించారు. సర్పంచి ఇంటి వైపు నుంచి కోడికూర వాసన వస్తోంది. గూడెం వాళ్ళు పొద్దున్నే దిగొచ్చి వరండా కింద నీడలో కూర్చున్నారు. ఆడవాళ్ళు ఆఫీసరు కోసమని ఆకుదొన్నెలో మొర్రిపండ్లు తెచ్చారు. నా స్నేహితురాలు తల నున్నగా దువ్వుకుని, నూనె కారుతుంటే చెంపలు తుడుచుకుంటూ, వాళ్ళ తాత పక్కన నిలబడింది.

ఆఫీసరు మంచివాడే. చెమట తుడుచుకుంటూ విషయం విడమరిచి చెప్పాడు. "దగ్గర్ల ఉన్న బడి కిలోమీటరు దాటి ఉంటే మీకు బడి ఇయ్యొచ్చు. లోపల ఉంటే ఇయ్యరాదు. నా చేతుల లేదు. రూలు గట్లుంది."

"వాగు ఉంది గద సారూ" అన్నాడు తాత.

"రూలుల వాగు లేదు తాతా. దూరమే ఉంది. ఎంత దూరం మీ గూడెం?"

"ఏడు భుజాలు సారూ."

"భుజాలేంది? మనుషుల్ని కొలుస్తున్నవా, దూరాన్ని కొలుస్తున్నవా?"

అందరూ నవ్వారు. గూడెం వాళ్ళు కూడా నవ్వారు. ఆఫీసరు ఫైలు విప్పి ఒక పటం తీశాడు. "ఆఫీసుల పెద్దది ఉంది. ఫైలుల పట్టదని జిరాక్సుల చిన్నగ చేయించిన" అంటూ బల్ల మీద పరిచి, వంగి చూస్తున్నాడు. మా ఊరు పట్టుకోవడానికే ఆయనకు చాలాసేపు పట్టింది.

అప్పుడు మాస్టారు అన్నారు, "మా పిల్లొకతుంది సార్, పటాలు మస్తుగ చదువుతది. లైబ్రరీల పుస్తకాలన్నీ నమిలేసింది." నన్ను ముందుకు తోశారు.

తోయకపోయినా వెళ్ళేదాన్నే. అప్పటికే నాలిక చివర మాట దురద పెడుతోంది. వాగు గుర్తు చూసి మా ఊరు పట్టుకున్నాను. దాని పైన, ఎత్తు చూపే గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట గూడెం. కాగితం పై అంచున "అంగుళానికి ఒక మైలు" అని ఉందని మాస్టారు చదివి చెప్పారు. కాగితం అడుగున తెలుపూ నలుపూ గడులుగా ఒక పట్టీ ఉంది. అది అలంకారమనుకున్నాను. చీర అంచులా ఉందని కూడా అనుకున్నట్టు గుర్తు.

నా దగ్గర టేపు ముక్క ఎప్పుడూ ఉండేది. పెట్టి చూశాను. అర అంగుళం మీద ఇంకో చిన్న గీత. "అర మైలుకు కొంచెం ఎక్కువ సార్. కిలోమీటరుకు లోపలే" అన్నాను. గొంతు గట్టిగా, వరండా అంతా వినిపించేలా అన్నాను.

ఆఫీసరు తనూ కొలిచాడు. అంతే వచ్చింది. "శభాష్" అన్నాడు. "ఏం చదువుతున్నవమ్మా? ఆరా? మా ఆఫీసుల వాళ్ళకు కూడా రాదు గిట్ల."

తాత లేచాడు. "సారూ, ఒక్కసారి నడిచి చూద్దాం. పొద్దు తిరగకముందే మర్లొస్తం."

ఆఫీసరు బయటి ఎండను చూశాడు. తన బూట్లను చూశాడు. నన్ను చూశాడు. "పిల్ల లెక్కకట్టి చెప్పింది గద తాతా. పటం కన్న ఎక్కువ నడుస్తామా?" అన్నాడు. ఫైలులో ఏదో రాసుకున్నాడు. అభ్యంతరం ఉంటే వానలు వెళ్ళేలోపల రాసి పంపండి, చూద్దాం అని మాస్టారితో చెప్పి, భోజనానికి లేచాడు. మొర్రిపండ్ల దొన్నె బల్ల మీదే ఉండిపోయింది. ఈగలు ముసిరాయి.

నేను చెప్పకపోతే ఆయన నడిచేవాడా అని ఎన్నోసార్లు అనుకున్నాను. నడిచేవాడేమో. నడవకపోయేవాడేమో. కానీ నడవక్కర లేదని చెప్పింది మాత్రం నేనే.

గూడెం వాళ్ళు వాళ్ళ మాటలో ఏదో మెల్లగా అనుకుంటూ వెళ్ళిపోయారు. నా స్నేహితురాలు వాగు దాకా నాతో నడిచింది. ఒడ్డున ఆగి అడిగింది.

"నిజంగ గంతేనా?"

"గంతే. పటంలనే ఉంది."

"మరి నాకెందుకు గంత దూరమనిపిస్తది?"

"ఎక్కుడు గద. అందుకే అనిపిస్తది" అన్నాను. మాస్టారిలా చెప్పాను. అది తల ఊపింది. నమ్మింది. అది నా మాట ఎప్పుడూ నమ్మేది.

ఊళ్ళో నన్ను పటం పిల్ల అనడం మొదలుపెట్టారు. నాన్న మిషను తొక్కుతూ, వచ్చిన ప్రతివాడికీ ఆ ముచ్చటే చెప్పేవాడు. "ఆఫీసరే శభాష్ అన్నడు. అంగుళం టేపు నా మిషను మీదిదే" అనేవాడు. అమ్మ ఒక్కతే ఏదో పనిలో ఉండి, "పాపం, వాళ్ళకు బడి రాకపాయె గద" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. నా గెలుపు తగ్గించినట్టనిపించింది.

వానలు మొదలయ్యాయి. వాగు నిండింది. నా స్నేహితురాలు బడికి రావడం మానేసింది. ఒక సంత రోజు కుండపోతగా కురుస్తుంటే గ్రంథాలయంలోనే ఉండిపోయాను. చదవడానికి కొత్తదేమీ లేక ఆ అట్ట లేని భూగోళమే మళ్ళీ తీశాను. పాఠం చివర నేను వదిలేసిన రెండు పేజీలు తెరిచాను. ఒకే పటాన్ని రెండు సైజుల్లో వేసి చూపించారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండింటి కిందా తెలుపు నలుపు గడుల పట్టీ. పటాన్ని పెంచినా కుదించినా, అంగుళానికి ఇంత అని మాటల్లో రాసింది ఇక చెల్లదట. ఆ పట్టీ మాత్రం పటంతోపాటే పెరిగి పటంతోపాటే తగ్గుతుంది కనుక ఎప్పుడూ నిజమే చెబుతుందట. అందుకే దాన్ని అక్కడ గీస్తారట.

ఫైలులో పట్టదని చిన్నగా చేయించిన పటం. దాని పై అంచున మాటలు. అడుగున పట్టీ. నేను మాటల్ని నమ్మి, పట్టీని చీర అంచు అనుకున్నాను. ఆ కాగితం మీద అంగుళం మైలు కాదు, మైలు కన్న ఎంతో ఎక్కువ. అయితే గూడెం కిలోమీటరు దాటే ఉంది. రూలు వాళ్ళ వైపే ఉంది.

పెంకుల మీద వాన మోత. లైబ్రరీ సారు తల ఎత్తి, "ఏమైంది సంతపిల్లా? గట్ల చూస్తున్నవ్?" అన్నాడు.

"ఏం లేదు సార్" అన్నాను. పుస్తకం మూసి అలమరలో లోపలికి, ఇతర పుస్తకాల వెనక్కి తోసేశాను.

వానలు వెళ్ళడానికి ఇంకా రెండు నెలల గడువుంది. మాస్టారితో ఒక్క మాట చెబితే చాలు, ఆయన రాసి పంపేవారు. చెబుదామనే మర్నాడు బడికి వెళ్ళాను. ఆయన పక్క ఊరి పంతులుతో మాట్లాడుతున్నారు. నన్ను చూడగానే, "ఇదే, నేను చెప్పిన పిల్ల. ఆఫీసరు ముందల పటం చదివింది" అన్నారు. ఆ పంతులు నా తల నిమిరాడు. నమస్కారం పెట్టి నా చోటికి వెళ్ళి కూర్చున్నాను. రేపు చెబుదామనుకున్నాను. రేపు ఇంకెవరో వచ్చారు. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత వానలు వెళ్ళిపోయాయి. ఆపైన చెప్పి ఏం లాభం అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఎనిమిదో తరగతికి నన్ను పట్నం హాస్టల్లో వేశారు. సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి నా స్నేహితురాలు వాగు అవతల పశువులు కాస్తూ కనబడింది. చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. వాగు దాటి వెళ్ళలేదు. ఆ తర్వాతి సెలవులకు వచ్చేసరికి దాని పెళ్ళయి అవతల ఊరికి వెళ్ళిపోయింది. తాత పోయిన సంగతి కూడా ఎవరో మాటల్లో చెబితే తెలిసింది.

ఆ లోకమంతా ఇప్పుడు లేదు. వాగు మీద వంతెన పడింది. గూడెంలో సగం మంది రోడ్డు మీదికి దిగొచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. తాత నడిచిన దారి పొదలు కమ్మి కనబడకుండా పోయింది. కావడి మోసేవాళ్ళే లేరు, భుజాలతో దూరం చెప్పేవాళ్ళు ఎక్కడుంటారు? లైబ్రరీ పెంకుటిల్లు పడగొట్టి డాబా కట్టారు. నేను ఇప్పటికీ వెళ్తాను. పటాల పుస్తకాలు ఎన్ని చదివానో లెక్కలేదు. ఎక్కడ పటం కనబడినా ముందు దాని అడుగు చూస్తాను.

నాలుగైదేళ్ళ కింద సంతలో చీపుర్లు బేరం చేస్తుంటే, అమ్ముతున్నావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఓ పిల్లా! పావు భుజం పిల్లవు కాదా నువ్వు?"

జుట్టు నెరిసింది, ముందు పన్ను ఊడింది, కానీ ఆ నవ్వు అదే. పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్లల ముచ్చట్లూ, మోకాళ్ళ నొప్పులూ అన్నీ చెప్పుకున్నాం. సంత పలచబడింది. ఇక ఆగలేక చెప్పేశాను. ఆ రోజు నేను చెప్పింది తప్పని, రెండు నెలలకే నాకు తెలిసిందని, తెలిసీ ఎవరికీ చెప్పలేదని.

అది చీపుర్లు కట్ట కడుతూనే వింది. "తెల్సు" అంది.

"ఏం తెల్సు?"

"తప్పని. తెల్లారే తెల్సు మాకు. రోడ్డు పని కాడ మేస్త్రిని అడిగి, కిలోమీటరంటే ఎడ్ల మోకు నేల మీద ఎన్నిసార్లు పడాల్నో తెల్సుకొచ్చిండు తాత. మోకు పట్టుకొని నేనే ముందల నడిచిన. మస్తు ఎక్కువచ్చింది."

"మరి చెప్పలేదేందే? మాస్టారుకు చెప్తే..."

"నీకు చెప్దామనే వచ్చిండు. మీ వాకిట్ల దాకా వచ్చిండు. మీ అయ్య మిషను కాడ ఎవలకో నీ ముచ్చట చెప్పుకుంట మురుస్తున్నడంట. నువ్వు పక్కన నిలబడి నవ్వుతున్నవంట. గట్లనే మర్లిపోయొచ్చిండు." కట్ట ముడి బిగించింది. "నలుగురిల పిల్లదానికి నామోషీ అయితది, చదువుకునే పిల్ల, మల్ల పుస్తకం ముట్టదేమో అన్నడు. మా వాళ్ళు తిట్టిన్రు. అయినా ఊకున్నడు. ఎప్పటికైనా పిల్లే చూసుకుంటది, చూసుకొని చెప్తది అన్నడు. ఆ వానలన్నీ నీకోసం చూసిండు."

నేను తల దించుకుని చీపురు పుల్లలు గిల్లుతూ కూర్చున్నాను. తల ఎత్తకుండానే అడిగాను. "ఎన్నిసార్లు పడ్డది మోకు? ఎంతొచ్చింది లెక్క?"

"యాది లేదే" అంది. "తాత చెప్పిండు, మరువకు అన్నడు గూడ. నువ్వు దిద్దించిన అక్షరాలు ఆ వానలకే పోయినయి. రాసి పెట్టుకుందామంటే నాకు రాయరాదాయె."

నేను కొన్న చీపురు నా చేతిలో పెట్టి, మిగిలినవి నెత్తికెత్తుకుని బస్సు వైపు నడిచింది. ఆ దూరం సరిగ్గా ఎంతో నాకు ఈ రోజుకీ తెలియదు. దాన్ని కొలిచిన మనిషి ఒక వానాకాలం పొడుగునా నా నోటి వెంట వినాలని ఎదురుచూశాడు. నేను వాగు ఇవతలే ఉన్నాను.